14 గ్రూపుల్లో ఉన్నా నన్నెవరూ ఎరగరు

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు, ఇంటి నుంచే ఉద్యోగం. ఊరు మారాక పాత ఫ్రెండ్స్ దూరమైపోయారు. ఫోన్‌లో 14 గ్రూపులున్నాయి, ఫొటోగ్రఫీవి, పుస్తకాలవి, భాష నేర్చుకునేవి. రోజూ అన్నీ చదువుతా కానీ ఎక్కడా ఒక్క మాట రాయను, రాద్దామని టైప్ చేసి మళ్లీ చెరిపేస్తా. రాత్రి ఫోన్ పక్కన పెట్టాక ముందుకన్నా ఎక్కువ ఒంటరిగా అనిపిస్తోంది. ఇంట్లో వాళ్లేమో అన్నీ డిలీట్ చేసి పారెయ్ అంటున్నారు. చేసెయ్యనా?

జవాబు: డిలీట్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు ఆ "టైప్ చేసి చెరిపేస్తా" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాన్నేను. ఆ గ్రూపుల్లో ఎవరు ఏ లెన్స్ వాడతారో, ఎవరికి ఏ రచయిత నచ్చుతారో నీకు తెలుసు, వాళ్లలో ఒక్కరికి కూడా నువ్వు తెలీదు. కిటికీలోంచి పక్కింటి పెళ్లి చూస్తున్నట్టు ఉంటుంది అది, ఎంతసేపు చూసినా మనసు నిండదు.

అయితే ఇందులో నీ తప్పేదో ఉందనుకోకు. ఆన్‌లైన్ గ్రూపుల గురించి జేకబ్ నీల్సన్ అనే వెబ్ నిపుణుడు 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పాడు, వందలో 90 మంది చదివి వెళ్లిపోతారు, 9 మంది ఎప్పుడన్నా ఓ మాట రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన ఒక్కరే అని. అంటే నీలాగా టైప్ చేసి చెరిపేసేవాళ్లు నీ చుట్టూ బోలెడుమంది ఉండుంటారు, ఒకరికొకరు కనపడరంతే. కొన్నాళ్లు ఊరికే చూడటం కూడా నేర్చుకోవడమే, ఏ పనిలో చేరినా మొదట ఓ పక్కన నిలబడి పెద్దవాళ్లు చేసేది చూస్తాం కదా. ఆ పక్కనే ఏళ్ల తరబడి ఉండిపోతేనే కష్టం.

నా సంగతే చెప్తా. నాలుగేళ్ల కిందట బొమ్మలు వేయడం నేర్చుకుందామని ఒక చిన్న గ్రూపులో చేరా, అరవై మంది ఉంటారేమో, వారానికో బొమ్మ పెట్టాలి, అదొక్కటే రూలు. రెండు నెలలు నేనూ చూస్తూ కూర్చున్నా. ఒకరోజు నా ఎడమచెయ్యినే చూసి పెన్సిల్‌తో గీసి పెట్టా, వేళ్లు బానే వచ్చాయి కానీ బొటనవేలు మాత్రం తెచ్చి అతికించినట్టుంది, ఎక్కడ తప్పిందో ఎంతకీ అర్థం కాలేదు. అప్పుడు ఒకావిడ, ఇప్పటికీ ఆవిడ ముఖం చూళ్లేదు నేను, నా బొమ్మ మీదే ఎర్రగీత గీసి పంపారు, బొటనవేలు అరచేతి మధ్యనుంచి పుట్టదమ్మా, మణికట్టు దగ్గర్నుంచే మొదలవుతుంది, నీ వేలు ఆడిస్తూ ఆ కండ ఎలా కదుల్తోందో చూడు అని. ఆడించి చూశా, నిజమే! చేతులు గీయాలంటే ఉన్న భయం ఆరోజుతో పోయింది. ఆర్నెల్ల తర్వాత జ్వరమొచ్చి ఓ వారం బొమ్మ పెట్టలేదు, ఆవిడే "ఈ వారం నీ బొమ్మ రాలేదేం, ఒంట్లో బానే ఉందా" అని రాశారు. ఆ ఒక్క లైనుకి కళ్లు చెమర్చాయి నాకు, మా గ్రూపు అని అనుకున్నది ఆరోజే.

మనుషులకి ఈ "మావాళ్లు" అనే భావం ఎలా కలుగుతుందని రాయ్ బామైస్టర్, మార్క్ లియరీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1995లో ఒక పెద్ద వ్యాసం రాశారు. వాళ్లు చెప్పింది సింపుల్‌గా చెప్పాలంటే, కొద్దిమందే అయినా పర్లేదు, వాళ్లతో తరచూ మాటలు నడవాలి, ఆ బంధం కొన్నాళ్లు నిలవాలి, ఒకరి బాగోగులు ఒకరు పట్టించుకోవాలి. 14 గ్రూపుల్లో ఇది కుదిరే పని కాదు. అందుకే ఒకటో రెండో ఉంచుకో. పెద్ద గ్రూపు చూసి మోజుపడకు, కొత్తవాళ్లు అడిగిన చిన్న ప్రశ్నకి కూడా ఎవరో ఒకరు ఓపిగ్గా జవాబిస్తున్నారా, పోయిన నెల కనపడ్డ పేర్లే ఈ నెలా కనపడుతున్నాయా, ఈ రెండూ చూసుకో.

మొదటి మాట ఏం రాయాలి అంటావా, గొప్ప అభిప్రాయాలేం అక్కర్లేదు. ఎవరో చెప్పిన చిట్కా ఒకటి చేసి చూడు, చేశాక "మీరు చెప్పినట్టు కిటికీ పక్కన పెట్టి తీశా, నీడ ఇలా వచ్చింది, ఇంకేం మార్చాలి" అని ఫొటోతో సహా పెట్టు. చెప్పినవాళ్లకి తమ మాట పనికొచ్చిందన్న సంతోషం, నీకేమో మాట కలిపే వంక. తర్వాత నీకన్నా కొత్తగా వచ్చినవాళ్లకి నీకు తెలిసింది చెప్పు, అక్కడ్నుంచి నిన్ను పేరుతో పిలవడం మొదలవుతుంది.

ముఖం తెలీని ఈ పరిచయాలు ఎందుకు పనికొస్తాయని ఇంట్లో అంటే ఒకటి చెప్పు. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లో అచ్చేసిన పరిశోధన వ్యాసంలో ఉంది, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, తరచూ కలిసే మనిషి ద్వారా దొరికింది 17 శాతం మందికే, మిగతా అందరికీ అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారానో, ఎప్పుడో గానీ కలవనివాళ్ల ద్వారానో దొరికిందట. మనకి తెలిసిందే మన దగ్గరివాళ్లకీ తెలుస్తుంది, కొత్త కబురు కాస్త దూరం నుంచే రావాలి మరి.

ఇక డిలీట్. 2018లో అమెరికాలో కొంతమంది చేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించి చూస్తే సగటున రోజుకి గంట మిగిలింది, మనసు బాగుండటం కూడా కాస్త పెరిగింది, కాస్తే. కాబట్టి 12 గ్రూపులు వదిలెయ్, ఆ మిగిలిన టైములో పాత ఫ్రెండ్ ఒకరికి ఫోన్ చెయ్యి, మెసేజ్ కాదు, ఫోనే. ఇన్ని చేసినా ఆ ఒంటరితనం వారాల తరబడి నిద్రనీ ఆకలినీ తినేస్తుంటే మాత్రం గ్రూపులతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలువు.

ప్రశ్న: అక్కా, ఏడాదిగా గిటార్ నేర్చుకుంటూ వీడియోలు పెడుతున్నా. నాతో మొదలుపెట్టినవాళ్లకి వేలల్లో లైకులు, నాకు పదీ పన్నెండు. మానేద్దామనిపిస్తోంది.

జవాబు: గిటారా, వీడియోలా, ఏది మానేద్దామనిపిస్తోందమ్మా? రెండూ ఒకటి కాదు. మనం ఎంత బాగా చేస్తున్నామో కొలవడానికి సరైన కొలబద్ద లేనప్పుడు పక్కవాళ్లతో పోల్చుకుంటామని లియాన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్ట్ 1954లోనే రాశాడు, 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టాక ఆ పోలిక ప్రతి పోస్టు కిందా అంకె అయి కూర్చుంది. ఆ అంకె నీ చేతివేళ్ల గురించి ఏమీ చెప్పదు. నీ మొదటి నెల వీడియో, నిన్నటిది పక్కపక్కన పెట్టుకుని విను, కార్డ్ (కలిపి మోగించే స్వరాల జట్టు) మార్చేటప్పుడు గ్యాప్ ఎంత తగ్గిందో చూడు. ఆ తర్వాత గిటార్ తెలిసిన నలుగురున్న చోట పెట్టి "బాగుందా" అని కాకుండా "ఎఫ్ కార్డ్‌లో తీగ ఎందుకు మూగబోతోంది" అని అడుగు. అలా అడిగితే జవాబులొస్తాయి.

ప్రశ్న: మా మోటివేషన్ గ్రూపు అడ్మిన్ స్పెషల్ కోర్సుకి డబ్బు కట్టమంటున్నారు, ఇంట్లో చెప్పొద్దంటున్నారు.

జవాబు: కట్టకండి. ఇంట్లో చెప్పొద్దు అన్నాక ఇంక ఆలోచించాల్సిందేం లేదు. ఈ రాత్రే ఇంట్లో చెప్పండి, మెసేజులు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి, ఆ తర్వాతే గ్రూపులోంచి బయటికి రండి.