రిపోర్టులో ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు

నాయనా,

నువ్వు ఫోనులో పంపిన మీ నాన్నగారి ఊపిరితిత్తి గడ్డ బయాప్సీ రిపోర్టు రెండుసార్లు చదివాను. ‘నాన్ స్మాల్ సెల్ కార్సినోమా’, అంటే స్మాల్ సెల్ రకం కాని క్యాన్సర్, అని రాసి వదిలేశారు. గుంటూరు పాథాలజీ ల్యాబులో ఇలాంటి కాగితాల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది కనుక చెబుతున్నాను, అది సగం సమాధానమే.

ఒక ఊరట మాత్రం ఉంది. స్మాల్ సెల్ రకం కాదని తేలింది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో అది సుమారు 15 శాతం, దాదాపు ఎప్పుడూ పొగాకు వల్లే వస్తుంది. చాలా వేగంగా పాకుతుంది. బయటపడేసరికే చాలామందిలో ఇతర అవయవాలకు చేరి ఉంటుంది కాబట్టి ఆపరేషన్ అరుదు. కీమోకు గడ్డ త్వరగానే కరుగుతుంది, కానీ తరచూ తిరగబెడుతుంది.

మిగిలిన 85 శాతంలో మనకు కావలసినవి ప్రధానంగా రెండు పేర్లు. స్క్వామస్ రకం ఎక్కువగా ఊపిరితిత్తి మధ్యభాగంలో, పెద్ద శ్వాసనాళాల దగ్గర పుడుతుంది. పొగాకు పండే జిల్లా కదా, చుట్టలు తాగినవారి స్లైడ్లలో దీన్ని ఎంతగానో చూశాను. అడినోకార్సినోమా సాధారణంగా అంచుల్లో వస్తుంది. పొగ తాగనివారికి వస్తే ఎక్కువగా ఇదే. మీ నాన్నగారు జన్మలో చుట్ట ముట్టలేదు, సీటీలో గడ్డ అంచున ఉంది. నా మనసు ఇటే మొగ్గుతోంది. అయినా అంచనాను నమ్మి మందు వేయకూడదు. బెవాసిజుమాబ్ అనే మందు అడినోకు ఇస్తారు, స్క్వామస్‌కు ఇస్తే ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకంగా రక్తస్రావం కావచ్చు.

అందుకే కణాల రకం తేల్చే ఐహెచ్‌సీ పరీక్ష చేయించమని అడుగు. ముక్కను పలచగా కోసి రంగు పట్టిస్తారు. టీటీఎఫ్-1 అనే ప్రొటీన్‌ను చూపే రంగు వేసినప్పుడు కణకేంద్రకాలు గోధుమరంగుకు తిరిగితే సాధారణంగా అడినో, పీ40 అనే ప్రొటీన్‌ను చూపే రంగుకు తిరిగితే స్క్వామస్. అడినో అయితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 అనే జన్యువుల పరీక్షలు కూడా తప్పనిసరి. వాటిలో మార్పు కనిపిస్తే దానికి సరిపడే మాత్రలున్నాయి. డాక్టరుగారు ఆగవచ్చంటే ఆ ఫలితాలు వచ్చాకే చికిత్స మొదలుపెట్టండి.

అన్నిటికంటే, బయాప్సీ ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకు జాగ్రత్త. సూదితో తీసిన ముక్క దారపు పోగంత ఉంటుంది, పరీక్ష పరీక్షకూ తరుగుతుంది. ఇంకా ఏమేం పరీక్షలు కావాలో ల్యాబుకు ముందే చెబితే పొదుపుగా కోస్తారు. విజయవాడలో మరో డాక్టరుకు చూపించాలన్నావు కదా, రిపోర్టు ఒక్కటే చాలదు, బ్లాకునూ స్లైడ్లనూ అడిగి తీసుకువెళ్లు. ఎండలో నిలిపిన కారులో మాత్రం పెట్టకు, మైనం కరుగుతుంది.

కొత్త రిపోర్టు రాగానే అన్ని పేజీలూ ఫొటో తీసి పంపు. అమ్మను కంగారు పెట్టకు, నేను సాయంత్రం మాట్లాడతాను.

మీ పెద్దమ్మ