పెట్టె మీది అంకె, సీసా మీది అంకె

గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ ల్యాబులో రక్తంలో చక్కెర చూసే గ్లూకోజ్ కిట్టుకు రీకాల్ ఉత్తరం, అంటే సరుకులో తప్పుందని కంపెనీ రాసే ఉత్తరం, వచ్చిందనీ, లోపల మందు బాగానే ఉంది, లేబుల్ మాత్రమే తప్పని డీలరు అన్నాడనీ నిన్న ఫోనులో చెప్పావు. "లేబులే కదా మామయ్యా" అని కూడా అన్నావు. ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు.

కాలిబ్రేటర్ సంగతే తీసుకో, యంత్రానికి కొలత నేర్పడానికి పెట్టే, విలువ ముందే తెలిసిన ద్రావణం అది. అసలు విలువ 110 ఉన్నదానికి కాగితం మీద 100 అని అచ్చయిందనుకో. యంత్రం ఆ 100నే నమ్ముతుంది. ఆ పూట నుంచి అందరి ఫలితాలూ తొమ్మిది శాతం తగ్గి వస్తాయి. పరగడుపున 130 ఉన్నవాడికి 118 అని రిపోర్టు ఇస్తావు. 126 దగ్గర మధుమేహమని గీత గీశారు కదా, ఆయన తనకు షుగరు లేదనుకుని స్వీటు షాపు మీదుగా ఇంటికి పోతాడు. యంత్రం సరిగా కొలుస్తోందో లేదో చూడటానికి పెట్టే నమూనా, అదే కంట్రోలు, అదే కంపెనీదైతే ఈ తప్పును పట్టకపోవచ్చు. వేరే కంపెనీది ఒకటి ఉంచుకోమని నేను పోరేది ఇందుకే. గడువు తేదీ తప్పుపడితే ఇంకా కష్టం, లోపలి మందు, అదే రిఏజెంట్, పాడయ్యేదాకా ఏమీ తెలియదు.

కొత్తపేటలో పనిచేసే రోజుల్లో మాకూ ఒకటి తగిలింది. పెట్టె మీద ఒక లాట్ నంబరు, అంటే ఏ విడతలో తయారైందో చెప్పే అంకె, లోపలి సీసాల మీద మరొకటి. కంపెనీ ఉత్తరం డీలరు సొరుగులో మూడు వారాలు పడుకుంది. చేతికి వచ్చాక రిజిస్టరు తెరిస్తే "కొత్త కిట్టు" అని మాత్రమే ఉంది. అలా రాసింది నేనే. ఏ లాటుతో ఎవరి రక్తం పరీక్షించామో తేలక, ఆ రోజుల్లో వచ్చిన అందరినీ మళ్లీ పిలిచాం. నరసరావుపేట నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్దాయన రక్తమిచ్చి, ఈసారి డబ్బులెందుకు తీసుకోవడం లేదని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

కనుక కిట్టు తెరిచిన రోజు, గంట, పెట్టె మీది లాట్, సీసా మీది లాట్, కాలిబ్రేటర్ లాట్ రిజిస్టరులో రాయి. పెట్టెదీ సీసాదీ ఒకటే కదా అని ఒక్కటే రాయవద్దు.

ఇక ఇప్పుడు వచ్చిన ఉత్తరం. డీలరు మాట మీద కాకుండా, ఫ్రిజ్ దగ్గర నిలబడి నువ్వే నంబర్లు సరిచూసుకో. మంగళగిరి, తాడేపల్లి కలెక్షన్ సెంటర్లకు ఏమైనా పంపావేమో కూడా చూడు. దొరికిన పెట్టెలను "వాడరాదు" అని రాసి 2–8 డిగ్రీలలోనే విడిగా పెట్టు. పారేయకు. రీకాల్ అంటే ప్రతిసారీ సరుకు వెనక్కి పంపడం కాదు, కొత్త లేబుళ్లో సరైన విలువల కాగితమో పంపి సరిదిద్దుకోమనడం కూడా రీకాలే. నీ దగ్గర ఒక్క పెట్టె లేకపోయినా "లేదు" అని జవాబు ఫారం నింపి పంపు. తర్వాత మీ పాథాలజిస్టు గారితో కూర్చుని, ఏ రిపోర్టులు తిరిగి చూడాలో తేల్చి, ఆ డాక్టర్లకు ఫోను చెయ్యండి. ఫోను చేయడానికి మొహమాటపడకు, మీ విజయవాడ సూర్యారావుపేటలో పరువు పోతుందని అసలే అనుకోకు.

కంపెనీ అమెరికాది అయితే ఉత్తరంలో రీకాల్ తరగతి కనిపించవచ్చు. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటిని మూడుగా విడదీస్తుంది. ఒకటోది ప్రాణాపాయం గలది. రెండోది అని చూసి ఊపిరి పీల్చుకోకు, తాత్కాలికంగానైనా హాని జరగవచ్చని దానర్థం.

మన దగ్గర 2018 జనవరి 1 నుంచి అమలవుతున్న వైద్య పరికరాల నిబంధనల కింద ఈ కిట్లూ పరికరాలే. లాట్, గడువు, నిల్వ పద్ధతి లేబుల్ మీద ఉండి తీరాలి. ఎప్పుడైనా తప్పు నువ్వే ముందు పట్టుకుంటే కంపెనీకి రాసి ఊరుకోకు. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2015 నుంచి వైద్య పరికరాల వల్ల జరిగే హానిని గమనించే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుపుతోంది, వాళ్లకూ తెలియజెయ్యి.

ఆదివారం ఉదయం బస్సుకు వస్తున్నాను. కాఫీ తర్వాత, ముందు రిజిస్టరు చూపించు.

మామయ్య