కాలి సిరల పేర్లను ఎందుకు సవరించారు?

హన్మకొండలో తీయించిన డాప్లర్ (రక్తనాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే స్కానింగ్) రిపోర్టులో "సూపర్‌ఫిషియల్ ఫిమోరల్ వెయిన్‌లో రక్తపు గడ్డ" అని రాశారని, సూపర్‌ఫిషియల్ అంటే పైపై సిరే కాబట్టి మందు అక్కరలేదా అని అడిగారు. పేరు అలా ఉన్నా అది పైపై సిర కాదు. తొడ కండరాల నడుమ, ధమనిని ఆనుకొని సాగే లోతు సిర. అందులోని గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. స్కానింగ్‌లో ప్రోబ్‌తో నొక్కినప్పుడు ఆరోగ్యమైన సిర పూర్తిగా మూసుకుపోతుంది, గడ్డ ఉన్నది మూసుకోదు.

ఈ పేరు చూసి వైద్యులు సైతం పొరబడి చికిత్స ఆపేసే ప్రమాదం ఉన్నందునే, 2001లో రోమ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు దానిని వదిలి "ఫిమోరల్ వెయిన్" అనాలని నిర్ణయించగా, ఆ ఒప్పందం 2002లో ప్రచురితమైంది. చీలమండ లోపలి వైపు నుంచి గజ్జ దాకా వెళ్లే లాంగ్ సఫీనస్ సిరనూ, పిక్క వెనుక ఎక్కే లెసర్ సఫీనస్ సిరనూ ఎల్‌ఎస్‌వి అనే పొడి అక్షరాలతోనే రాసే వీలుండేది. ఆపరేషన్‌కు ముందు ఇంతకంటే ప్రమాదకరమైన అస్పష్టత ఉండదు. ఇప్పుడు అవి గ్రేట్ సఫీనస్, స్మాల్ సఫీనస్. కాకెట్, డాడ్, బాయిడ్ వంటి వ్యక్తుల పేర్లతో పిలిచిన పెర్ఫొరేటర్ సిరలకు (పైపై సిరలను లోతు సిరలతో కలిపేవి), అవి ఉన్న చోటును తెలిపే పేర్లు సూచించారు.

పాత పేరు ఇంకా కొన్ని రిపోర్టుల్లో కనిపిస్తూనే ఉంది. కాబట్టి మీ రిపోర్టును వరంగల్‌లోనే వాస్కులర్ సర్జన్‌కో, ఫిజీషియన్‌కో ఈ రోజే చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.