మోరోవిండ్‌లో దారి తప్పిన రాత్రి

"పాత ఓపెన్ వరల్డ్ ఆర్‌పీజీల్లో (పెద్ద లోకంలో ఒక పాత్రగా మనిష్టం వచ్చినట్టు తిరిగే వీడియో గేముల్లో) తిరుగుతుంటే నిజంగా ఆ లోకంలో ఉన్నట్టే అనిపించేది. కొత్తవాటిలో గ్రాఫిక్స్ ఎంత బాగున్నా అలా ఎందుకు ఉండదు? మన వయసు పెరగడం వల్లా?" అని ఒకరు అడిగారు.

వయసు వల్ల కానే కాదు. పాత ఆటలు మాటల్లో దారి చెప్పేవి. కొత్తవి బాణం గుర్తు చూపిస్తాయి. నాకు తెలిసి తేడా అంతా అక్కడే ఉంది.

2005లో ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకే రూములో నలుగురం ఉండేవాళ్లం. ఒకడి దగ్గర అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ ఉంటే రాత్రి భోజనాలయ్యాక వంతులేసుకుని ఆడేవాళ్లం. నేను పట్టుకున్న ఆట 2002లో వచ్చిన మోరోవిండ్. కథ మొదట్లోనే బాల్మోరా అనే ఊళ్లో ఒకాయన, ఆర్క్‌ంగ్‌తాండ్ అనే పాడుబడ్డ డ్వెమర్ (ఆ లోకంలో ఎప్పుడో మాయమైన జాతి) కట్టడంలోంచి చిన్న పెట్టె ఒకటి తెమ్మంటాడు. మ్యాప్ మీద చుక్క పెట్టడు. ఊరి బయట సైనికుల కోట ఉంటుంది, అది దాటి వెళ్తే లోయ మీద పాత వంతెన వస్తుంది, ఆ వంతెన దాటగానే ఉంటుంది అన్న తీరులో చెప్పి ఊరుకుంటాడు. మన పల్లెల్లో "చెరువుగట్టు దిగి, రావిచెట్టు దగ్గర కుడికి తిరుగు బాబూ" అని చెప్పరూ, అచ్చం అలా.

నాకు వంతెన కనబడలేదు. ఆటలో చీకటి పడిపోయింది. ఫొయాడా మమేయా అనే లోయలోకి దిగిపోయాను. ఎప్పుడో లావా పారిన దారి అది, రెండు పక్కలా నల్లటి గుట్టలు. పైనుంచి క్లిఫ్ రేసర్లనే ఎగిరే జంతువులు అరుస్తూ మీద పడుతున్నాయి. ఉత్తరానికి నడుస్తూనే ఉన్నాను. కాసేపటికి బూడిద తుఫాను లేచి స్క్రీనంతా ఎర్రమట్టి రంగైపోయింది. నా పాత్ర మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తోంది. ఆ గాలి తగ్గేసరికి ఎదురుగా వెలుగుతున్న గోడ! ఇటూ అటూ ఎంత దూరం చూసినా గోడే. మంచం మీద పడుకున్న రూమ్మేట్ లేచి కూర్చుని, "ఒరేయ్, ఇదేంట్రా?" అన్నాడు. ఎవరికీ తెలీదు. అది ఘోస్ట్‌ఫెన్స్ అనీ, రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం చుట్టూ కట్టిందనీ, కథ చివర్లో దాని లోపలికే వెళ్లాలనీ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రాత్రి మాత్రం, రాకూడని చోటికి వచ్చేశాం అనిపించి నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

వెనక్కి తిరిగి నడిచాను. తెల్లవారుతుంటే తలెత్తి చూస్తే వంతెన నెత్తిమీదే ఉంది. దాని కిందనుంచే వెళ్లిపోయాను! పైకెక్కి దాటితే కట్టడం దొరికింది గానీ తలుపుకు తాళం లేదు, పిడి లేదు. పక్కన ఒక గొట్టానికి తిప్పే మర ఉందని రూమ్మేట్ కనిపెట్టాడు. తిప్పగానే బండ కదిలి తలుపు తెరుచుకుంటే ఇద్దరం కేకలేశాం. కాసేపటికి అది దానంతటదే మూసుకుంటుంది కూడా. నెలల తర్వాత కథ నన్ను ఆ గోడకున్న గుమ్మం, ఘోస్ట్‌గేట్‌కి పొమ్మన్నప్పుడు ఎవరినీ అడగలేదు, మ్యాప్ తెరవలేదు.

ప్రయాణమూ అంతే. సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు ఎక్కి ఊళ్లు మారాలి. బాల్మోరాలో ఎక్కితే నిసిస్ దాకా నేరుగా పోదు, ఆల్డ్‌రూన్‌లో దిగి ఇంకోటి ఎక్కాలి. మనం బస్సు మారినట్టే. అలా మారుతూ ఉంటేనే ఏ ఊరు ఎటు ఉందో ఒంటికి తెలుస్తుంది. నిజానికి ఆ ఆట జరిగే దీవి, తర్వాత వచ్చిన ఆటలతో పోలిస్తే చిన్నదే. పొగమంచు వల్ల కాస్త దూరం అవతల ఏముందో కనబడదు, నడక నిదానం. అందుకే దేశమంత అనిపించేది.

2006లో అదే సిరీస్‌లో తర్వాతి ఆట ఆబ్లివియన్ వచ్చేసరికి, అంతకుముందు ఎక్కువగా తెర మీద చదువుకునే మాటలన్నీ గొంతుతో రికార్డు చేయడం మొదలైంది. దారి వివరంగా చెప్పాలంటే ప్రతి వాక్యానికీ ఖర్చు. దిక్సూచి మీద బాణం పెడితే సరిపోయె. అప్పట్నుంచీ చాలా ఆటల్లో పాత్రలు దారి చెప్పడం మానేశాయి. "మార్కర్లు (ఆ బాణాలూ చుక్కలూ) ఆపేసుకుని ఆడొచ్చుగా" అంటారు కొందరు. ఎలా ఆడతాం? చుక్క తీసేస్తే ఎటు పోవాలో చెప్పే మాట చాలా ఆటల్లో ఉండదు.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు కొత్త ఆట ఒకటి ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. కోనేరు, గోపురాలు, నీళ్లలో వాటి నీడలు, ఎంత అందంగా ఉందో. వాడి కళ్లు మాత్రం మూలనున్న గుండ్రటి మ్యాప్ మీదే. "ఈ ఊరి పేరేంట్రా?" అంటే, "ఏమో మావయ్యా, ఈ చుక్క దగ్గరికి పోతే చాలు" అన్నాడు. రెండు గంటలుగా ఆ ఊళ్లోనే ఉన్నాడు వాడు. నాకు మనసు చివుక్కుమంది. తప్పు వాడిది కాదు. ఎక్కాల్సిన గోడకు పసుపు రంగు పూసి, నిలబడి ఆలోచిస్తుంటే పక్కపాత్ర చేత జవాబు చెప్పించే ఆటలు పిల్లల్ని చూడనిస్తేగా!

కొత్తవాళ్లలోనూ చేసినవాళ్లున్నారు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో క్వెస్టుల (చేయాల్సిన పనుల) జాబితానే లేదు, ఎవరేం చెప్పారో మనమే గుర్తు పెట్టుకోవాలి. కోట్ల మంది కొన్నారు. జనానికి ఓపిక లేదన్న మాట ఇంకెవరూ నాకు చెప్పక్కర్లేదు.

మీరు మోరోవిండ్ ఆడకపోతే ఇప్పుడైనా మొదలుపెట్టండి. అసలు ఆట కొనుక్కుని ఓపెన్‌ఎండబ్ల్యూ అనే ఉచిత ఇంజన్ (ఆటను నడిపే ప్రోగ్రామ్) మీద నడిపిస్తే ఈనాటి కంప్యూటర్లలో హాయిగా ఆడుతుంది. గైడులు చూడకండి. పక్కన నోటుపుస్తకం, పెన్ను పెట్టుకోండి. బాల్మోరా దాటాక మాత్రం వంతెన కోసం తలెత్తి చూస్తూ నడవండి.