నొప్పెడితే విప్పించెయ్

చిట్టితల్లీ,

సూ-ఇన్, అంటే అల్లిన జుట్టుకి సవరం కుట్టించుకోవడం, వేయించుకోవాలనుకుంటున్నానని రాశావు, ఏమేం చూసుకోవాలో చెప్పమన్నావు. ఎంతోమంది తలలకి సవరాలు కుట్టినదాన్ని, అంతకన్నా ఎక్కువగా ఎవరో కుట్టినవి విప్పినదాన్ని కాబట్టి సరైన మనిషినే అడిగావు. బాగా కుట్టారా లేదా అన్నది విప్పేటప్పుడే తెలుస్తుంది.

నీ ఆలోచన మంచిదే. సొంత జుట్టు తలకి అంటుకునేలా సన్నటి వరస జడలు (కార్న్‌రోస్) అల్లి, వాటిమీద సవరం పట్టీలని వంపు సూదితో, దారంతో కుడతారు. కొసలు లోపల ఉండిపోతాయి కాబట్టి రోజూ దువ్వెన తగలదు, స్ట్రెయిటెనర్ వేడి తగలదు, బట్టల రాపిడి ఉండదు. బిగుతైన ఉంగరాల జుట్టు ఎక్కువగా విరిగేది కొసల దగ్గరే గనక ఆ కాపుదల వల్ల పొడవు నిలుస్తుంది. ఆఫ్రికన్ మూలాలున్న ఆడవాళ్లు తరతరాలుగా అల్లికలతో సాధించింది ఇదే. సొంత జుట్టులోకి సవరాన్ని అల్లి నిలబెట్టే పద్ధతికి క్రిస్టినా జెంకిన్స్ అనే నల్లజాతి అమెరికన్ మహిళ 1952లో పేటెంట్ పొందింది.

ఇలా కొసలని దాచే అల్లికలని ప్రొటెక్టివ్ స్టైల్, అంటే జుట్టుని కాపాడే పద్ధతి, అంటారు. అయితే ఆ పేరు పెట్టినంత మాత్రాన అది జుట్టుని కాపాడదు. కొసలని కాపాడబోయి కుదుళ్లని పాడు చేసుకున్నవాళ్లని చాలామందిని చూశాను. కొస విరిగితే మళ్లీ పెరుగుతుంది. కుదురు చచ్చిపోతే ఇక అక్కడ వెంట్రుక రాదు.

అందుకే బిగుతు గురించి ముందు చెబుతాను. 'గట్టిగా అల్లితేనే ఎక్కువ రోజులు నిలుస్తుంది', 'మొదట్లో నొప్పి మామూలే, ఒక మాత్ర వేసుకుని పడుకో' అని పార్లర్‌లో అంటారు. ఈ రెండు మాటలూ నమ్మకు. రెండు రోజుల తర్వాత నొప్పి తగ్గొచ్చు గానీ లాగుడు అలాగే ఉంటుంది. అల్లుతున్నప్పుడే నొప్పి పుడితే ఆపమను, ఆ పాయ విప్పి మళ్లీ అల్లమను. మొహమాటపడకు. డబ్బు ఇస్తున్నది నువ్వు, తల నీది. కుర్చీలోంచి లేచేముందు కనుబొమ్మలు పైకెత్తి చూడు, తల అటూ ఇటూ తిప్పి చూడు. నుదురు పట్టేసినట్టుంటే బిగుతు ఎక్కువైనట్టే. ఇంటికెళ్లాక పాయల మొదళ్లలో చిన్న చిన్న పొక్కులు లేచినా, వెంట్రుక మొదట్లో చర్మం గుడారంలా పైకి లేచినట్టు కనిపించినా, తలనొప్పి వదలకపోయినా, వెంటనే విప్పించెయ్, మర్నాటికి వాయిదా వెయ్యకు. అంత ఖర్చుపెట్టి వేయించుకున్నది ఎలా విప్పించను అని చాలామంది ఆగిపోతారు. జుట్టు పోయేది అక్కడే.

ఇలా లాగుడు వల్ల జుట్టు పోవడాన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. ఇది ఒక జాతికో ఒక రకం జుట్టుకో పరిమితమైంది కాదు. జుట్టు గట్టిగా వెనక్కి లాగి ముడేసుకునే గ్రీన్‌లాండ్ ఆడవాళ్లలో నుదుటి దగ్గర బట్టతల రావడం గురించి 1907లోనే రాశారు. ముందుగా పలచబడేది కణతల దగ్గర, చెవుల ముందు, నుదుటి అంచున. తొలిదశలో లాగుడు ఆపితే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే కుదుళ్లున్న చోట మచ్చకట్టి, చర్మం నున్నబడుతుంది. అప్పుడు ఏ నూనే పనిచెయ్యదు. కాబట్టి నుదుటి అంచున ఉండే నూగు వెంట్రుకలని అల్లికలోకి అసలు లాగవద్దని చెప్పు. వేలి వెడల్పు వదిలి వెనక నుంచి మొదలుపెట్టమను.

ఎంత జుట్టు కుట్టించుకుంటావన్నది కూడా ఆలోచించు. మామూలుగా ఒక్కో బండిల్, అంటే సవరం కట్ట, 100 గ్రాములుంటుంది. మూడు బండిళ్లంటే 300 గ్రాములు పగలూ రాత్రీ కుదుళ్లకి వేలాడతాయి, తడిస్తే ఇంకా బరువు. నడుం దాకా కావాలనే సరదా నాకూ అర్థమవుతుంది గానీ, మొదటిసారికి భుజాలు దాటితే చాలు. అల్లికల మీద పల్చటి నెట్ పరిచి దానికి కుట్టించుకుంటే బరువు ఒక్క పాయ మీదే పడదు.

పాపిట దగ్గర సొంత జుట్టు కొంచెం బయట వదలడమా, లేస్ క్లోజర్‌తో, అంటే పల్చటి వలకి జుట్టు కుట్టిన చిన్న ముక్కతో, మొత్తం కప్పేయడమా అంటే నా ఓటు క్లోజర్‌కే. బయట వదిలిన జుట్టుని సవరంతో కలిపేయడానికి రోజూ స్ట్రెయిటెనర్ పెడతావు. మిగతా తలంతా హాయిగా ఉంటే ఆ పిడికెడు జుట్టు మాడిపోతుంది. అలాంటి లేస్ ముక్కే చెవి నుంచి చెవి దాకా వస్తే ఫ్రంటల్ అంటారు, అది చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ దాన్ని చాలాచోట్ల గ్లూతో నుదుటికి అంటిస్తారు. ఉన్నదాంట్లో మెత్తటి జుట్టు మీద గ్లూ ఎందుకమ్మా? పైగా ఆ గ్లూ కొందరికి పడదు కూడా.

వేయించుకోకూడని సమయాలూ ఉన్నాయి. తలలో పుండ్లున్నా, సోరియాసిస్ లేచి ఉన్నా, చుండ్రు ముదిరి ఎర్రబడినా ముందు అది తగ్గనివ్వు. కాన్పు తర్వాత కొన్ని నెలలు జుట్టు ఊడుతుంది, అప్పుడూ వద్దు. రిలాక్సర్, అంటే ఉంగరాల జుట్టుని సాపు చేసే మందు, పెట్టిన వెంటనే అసలే వద్దు. మందు తగిలిన జుట్టు బలహీనంగా ఉంటుంది, దాన్ని లాగి అల్లితే రెండిందాల నష్టం.

వేయించుకునే ముందు తల శుభ్రంగా రుద్దుకుని, కండిషనర్ బాగా పట్టించి, చీలిన కొసలు కత్తిరించి, పూర్తిగా ఆరాకే వెళ్లు. తడి జుట్టు సాగుతుంది, ఆరాక బిగుసుకుంటుంది.

వేయించుకున్నాక తలస్నానం మానేసేవాళ్లున్నారు, సవరం పాడవుతుందని. అది తప్పు. వారానికో, రెండు వారాలకో చెయ్యాల్సిందే. షాంపూని నీళ్లలో పలచగా కలిపి, సన్నటి మూతి ఉన్న సీసాలో పోసి, పాయల మధ్య మాడుకి తగిలేలా వెయ్యి. గోళ్లతో కాకుండా వేలి కొసలతో రుద్దు. నీళ్లు పైనుంచి కిందికే పోనివ్వు. అసలు పని ఆరబెట్టడం. పైన సవరం ఆరినట్టు కనిపిస్తుంది గానీ కింద అల్లికలు తడిగానే ఉంటాయి. డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి ఓపిగ్గా ఆరబెట్టు. తడి తలతో పడుకుంటే వాసన వస్తుంది, ఫంగస్ పడుతుంది. నూనె రెండు చుక్కలు చాలు, జిడ్డు కట్టేలా రాయకు. రాత్రి సాటిన్ టోపీ గానీ స్కార్ఫ్ గానీ కట్టుకో. సవరాన్ని నడినెత్తిన ఎత్తి బిగించి ముడెయ్యకు, మళ్లీ అదే లాగుడు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు, అంతే. ఇంకా బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ మేరకు అల్లిక మాడుని వదిలి కిందికి దిగి, సవరం బరువంతా కొత్తగా వచ్చిన వెంట్రుకల మీద ఊగుతుంది.

విప్పడం మాత్రం తొందరపడే పని కాదు. సాయంత్రం అలసిపోయి వచ్చి మొదలుపెట్టకు. పక్కన ఇంకొకరుంటే మేలు, వెనక వైపు నీకు కనపడదు. దారాన్ని సవరం పట్టీ వైపు నుంచి కత్తిరించాలి, నీ జుట్టు వైపు నుంచి కాదు. అనుమానంగా ఉన్నచోట కత్తెర ఆపెయ్. అల్లికలని కొసల నుంచి విప్పుకుంటూ పైకి వెళ్లు. అప్పుడు చేతినిండా జుట్టు వస్తుంది, టెన్షన్ పడకు. మనిషికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఎలాగూ రాలతాయి. ఎనిమిది వారాలకి లెక్కేస్తే 2,800 నుంచి 5,600. బయట పడిపోవాల్సినవి అల్లికల్లోనే చిక్కుకుని ఉన్నాయి. ఒక వెంట్రుక తీసి చూడు. ఒక కొసన తెల్లటి బొడిపె ఉంటే అది సహజంగా రాలినదే. బొడిపె లేని పొట్టి ముక్కలు ఎక్కువగా కనిపిస్తే జుట్టు విరుగుతోందన్నమాట, వెంటనే మరో సవరం ఆలోచన పెట్టుకోకు.

రాలినదంతా చేత్తో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో తీసేశాకే నీళ్లు తగలనివ్వు. దుమ్ము పేరుకున్నచోట కొంచెం కండిషనర్ రాసి వదులు చెయ్యి. ముందే తడిపావంటే మొత్తం ముద్దకట్టి, కత్తెర తప్ప దారి ఉండదు. ఆ తర్వాత కనీసం రెండు వారాలు తలని ఖాళీగా వదిలెయ్. కణతల దగ్గర కాస్త పలచబడ్డట్టనిపించినా ఇంకా ఎక్కువ రోజులు వదులు.

వేయించుకునే ముందు మంచి వెలుతురులో నుదురు, రెండు కణతలు ఫోటో తీసి ఉంచుకో. విప్పాక మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడు. అంచు వెనక్కి జరిగినట్టుంటే ఆ ఫోటోలు నాకూ పంపు, కానీ నా జవాబు కోసం కూర్చోకుండా స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇట్లు,
మీ పెద్దమ్మ