అనంతపురంలో ఉంటూ గోల్ఫ్ స్వింగ్‌ను, షార్ట్ గేమ్‌ను ఎలా సాధన చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఉద్యోగరీత్యా అనంతపురంలో ఉంటున్నారు, నెలకు ఒకటి రెండుసార్లు బెంగళూరు వెళ్లి గోల్ఫ్ ఆడుతున్నారు, ఏడాదిన్నర గడిచినా ఐరన్ (లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్ర) షాట్లలో నిలకడ రావడం లేదు, బంతి కుడివైపుకు వంపు తిరుగుతోంది, గ్రీన్ (గుంత చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన చోటు) దరిదాపులకు చేరాక బంతి దాన్ని దాటి దూసుకుపోతోంది, గుంతలో వేయడానికి నాలుగైదు షాట్లు ఖర్చవుతున్నాయి, మైదానం అందుబాటులో లేని ఊళ్లో ఏ సాధన చేస్తే ఫలితం ఉంటుందో చెప్పమన్నారు.

నేను బెంగళూరులో పనిచేసిన రోజుల్లో ఈ ఆట నేర్చుకుని, 2017లో అనంతపురానికి తిరిగి వచ్చేశాను. అప్పటికి నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని షాట్లలో చూపే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) 22, ఇప్పుడు 14. ఈ ఎనిమిది షాట్లూ తగ్గింది బెంగళూరులో కాదు, మా పొలంలోనూ ఇంటి వరండాలోనూ. అందుకే మైదానం లేదన్న దిగులు పెట్టుకోవద్దని ముందుగా చెబుతున్నాను. పైగా స్వింగ్ నేర్చుకోవడానికి, బంతులు కొట్టి సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లోని ప్లాస్టిక్ మ్యాట్ కంటే మన ఎర్రనేలే మేలని నా అభిప్రాయం. క్లబ్ (గోల్ఫ్ కర్ర) బంతికి నాలుగు వేళ్లు ఇవతలే దిగినా మ్యాట్ మీద అది జారుకుంటూ వెళ్లి బంతిని లేపేస్తుంది కాబట్టి తప్పు మనకు తెలియదు. నేల మీద ఆ తప్పు గీత గీసినట్టు కనబడుతుంది.

నేను చేసిన సాధనల్లో అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చినది ఈ విషయానికి సంబంధించినదే కాబట్టి దాన్ని వివరంగా చెబుతాను. వేరుశనగ పీకేశాక గుంటక తోలి వదిలేసిన చేనులో ఓ పది అడుగుల చదునైన చోటు చూసుకుని, గులకరాళ్లన్నీ ఏరేసి, ముందురోజు సాయంత్రం రెండు బిందెల నీళ్లు చల్లి ఉంచుతాను. తెల్లారేసరికి పైమట్టి పొడిపొడిగా కాకుండా, గట్టిపడకుండా, గోరుతో గీస్తే గీత నిలిచేంత పదునుగా ఉంటుంది. దానిమీద ముగ్గుపిండితో లక్ష్యానికి అడ్డంగా ఐదడుగుల గీత వేసి, గీత రెండు పాదాలకూ నడిమధ్యన వచ్చేలా నిలబడి, బంతి లేకుండా తొమ్మిదో నంబరు ఐరన్‌తో సగం స్వింగులు వేస్తూ, ఒక్కో స్వింగుకూ గీత వెంబడే కొద్దిగా జరుగుతాను. క్లబ్ నేలను తాకిన గుర్తు గీత మీద మొదలై లక్ష్యం వైపు సాగితే ఆ స్వింగు మంచిది. గీతకు కుడికాలి వైపున మొదలైతే, అక్కడ బంతి ఉన్నట్లయితే ముందు మట్టి, తర్వాత బంతి తగిలేవన్నమాట. (కుడిచేతి వాటం వారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎడమచేతి వాటమైతే తిప్పి చదువుకోండి.)

మొదటిరోజు నేను వేసిన ఇరవై స్వింగుల్లో పదిహేడు గుర్తులు గీతకు ఇవతలే పడ్డాయి, వాటిలో కొన్ని బెత్తెడు దూరంలో. వంగి ఆ గుర్తుల్ని చూస్తున్నప్పుడు, రెండేళ్లుగా నా ఐరన్లు ఎందుకు కుదరడం లేదో తొలిసారి అర్థమైంది. అంతకుముందు నేను వెళ్లిన ఒక శిక్షణ తరగతిలో తల కదలకూడదు, బంతి మీదనుంచి చూపు తిప్పకూడదు అని పదేపదే చెప్పేవారు. ఆ మాట పట్టుకుని నేను తలతో పాటు ఒంటినంతా బిగించేసి, బరువును కుడికాలి మీదే ఉంచుకుని కొడుతూ వచ్చాను. బరువు కుడికాలి మీద ఉండిపోతే స్వింగ్ వలయంలో అట్టడుగు బిందువు కూడా కుడివైపుకే జరుగుతుంది. ఐరన్ షాట్‌లో ఆ బిందువు బంతికి కొన్ని అంగుళాల అవతల, లక్ష్యం వైపు ఉండాలి. దీన్ని సరిచేయడానికి నేను చేసిందల్లా కుడి మడమను కాస్త లేపి, ఒంటి బరువులో ముప్పాతిక వంతు ఎడమకాలి మీద మోపి, ఆ వాటంలోనే సగం స్వింగులు వేయడం. పదిహేను రోజులకు గుర్తులు గీత దాటి అవతలికి జరిగాయి. ఆ తర్వాతే బంతి పెట్టాను. ఈ సాధనకు మాత్రం పాత క్లబ్ వాడండి. మన నేలలో ఎంత ఏరినా ఒకటో రెండో రాళ్లు మిగులుతాయి, కొత్త క్లబ్ ముఖం గీసుకుపోవడమే కాకుండా మణికట్టుకూ దెబ్బ తగులుతుంది.

బంతి కుడివైపుకు వంపు తిరిగే స్లైస్ మీకూ ఉందన్నారు కాబట్టి రెండు మాటలు. క్లబ్ వస్తున్న దారితో పోలిస్తే క్లబ్ ముఖం కుడివైపుకు తెరుచుకుని ఉన్నప్పుడే ఆ వంపు వస్తుంది. చాలామందిలో దారి కూడా బయటినుంచి లోపలికి అడ్డంగా కోసినట్టు ఉంటుంది. బంతికి అవతలి పక్కన, జానెడు వెనుకగా ఖాళీ అట్టపెట్టె ఒకటి పెట్టి, దాన్ని తాకకుండా బంతిని కొట్టడం అలవాటు చేసుకోండి. బయటినుంచి వచ్చే క్లబ్ పెట్టెను గుద్దక తప్పదు కనుక మిమ్మల్ని సరిచేయడానికి వేరే మనిషి పక్కన నిలబడనక్కర్లేదు. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిదానంగా కొట్టే సాధన కూడా మంచిదే. తొందరపడితే వెంటనే తూలిపోతారు కాబట్టి లయ దానంతటదే కుదురుతుంది. చేయి తిరిగిన ఆటగాళ్లలో క్లబ్‌ను వెనక్కి తీసుకెళ్లడానికి పట్టే సమయం, కిందికి దించి బంతిని తాకడానికి పట్టే సమయానికి దాదాపు మూడింతలు ఉంటుంది. మనలో ఎక్కువమందికి వెనక్కి వెళ్లడంలోనే ఆత్రం.

చేనులో పూర్తి బలంతో నిజమైన బంతిని కొట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకపోయినా, అన్నింటికన్నా దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్‌తో కొడితే తగిలిన మనిషికి, గొర్రెకు ప్రాణం మీదికి రావచ్చు. ఒకసారి నేను కొట్టిన ఏడో నంబరు ఐరన్ షాట్ పక్క చేనులోని రేకుల షెడ్డుకు తగిలి, లోపల నిద్రపోతున్న పెద్దాయన ఉలిక్కిపడి బయటికొచ్చారు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు గానీ ఆ రోజునుంచి నేను చేనులో చిల్లులున్న ప్లాస్టిక్ బంతులే వాడుతున్నాను. నిజమైన బంతితో కొట్టాలనుకున్నప్పుడు వల కట్టుకుంటాను. జూన్, జూలై నెలల్లో, రామగిరి కొండలమీది గాలిమరలు ఆగకుండా తిరిగే ఆ రోజుల్లో, ప్లాస్టిక్ బంతి ఎటు పోతుందో చెప్పలేం కాబట్టి అప్పుడు ముగ్గుగీత సాధనకే పరిమితం కావడం ఉత్తమం.

ఇక షార్ట్ గేమ్, అంటే గ్రీన్ దగ్గరా గ్రీన్ మీదా ఆడే చిన్న షాట్లు. పార్ 72 మైదానంలో, అంటే పద్దెనిమిది గుంతలకూ కలిపి 72 షాట్లు లెక్కగా పెట్టిన చోట, ప్రతి గుంతకూ బంతిని నేలమీద దొర్లించే రెండు పట్‌ల లెక్కన 36, అంటే సరిగ్గా సగం, గ్రీన్ మీది పట్‌లకే కేటాయించారు. దూరం కొట్టలేకపోయినా ఇక్కడ ఎంత సాధించవచ్చో మన పొరుగునే ఉన్న బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ చూపించింది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, డ్రైవ్‌ల దూరంలో మిగతావారికంటే ఎంతో వెనకబడి ఉన్నా, పట్ కొట్టే క్లబ్ అయిన పటర్ బలంతో నాలుగు రోజులూ పతకానికి పోటీపడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ చివరిరోజు ఉదయం టీవీ ముందు కూర్చుని చూసిన నాకు, రోజూ సాయంత్రం వరండాలో అరగంట పటింగ్ చేయాలన్న నియమం అప్పుడే పడింది.

మన ఇళ్లలో పరిచే తాడిపత్రి బండలు ఇందుకు ఎంతో అనుకూలం. రెండు వరుసల బండల మధ్య అతుకు తాడు లాగి కట్టినంత తిన్నగా ఉంటుంది కదా, దానిమీద పలుచని జంపఖానా పరిచి, అంచును అతుకుకు సమాంతరంగా సర్దండి. ఉత్త బండమీద బంతి ఆగకుండా దొర్లుతుంది, జంపఖానా దాని వేగాన్ని అదుపులో ఉంచుతుంది. గోల్ఫ్ గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు, పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. నాలుగు నాణేలు పక్కపక్కన పేర్చితే సరిగ్గా గుంత వెడల్పు వస్తుంది. అలా కొలుచుకుని రెండు చివరల చెరొక గుర్తు పెట్టి, పది అడుగుల దూరం నుంచి బంతిని ఆ సందులోకి పంపాలి. పటర్ ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా పది అడుగులు వెళ్లేసరికి బంతి దాదాపు 5 సెంటీమీటర్లు తప్పుతుంది, అంటే గుంత నడిమి నుంచి అంచుకు చేరుతుంది. రెండు డిగ్రీలైతే గుంత తప్పినట్టే. అందువల్ల బంతికి అడుగు అవతల, బంతి కంటే కొద్దిగా వెడల్పైన సందు వదిలి రెండు నాణేలు నిలిపి, వాటి మధ్యనుంచి తగలకుండా బంతి వెళ్లేలా చూసుకోవడమే అసలు సాధన. బంతి వ్యాసం సుమారు 43 మిల్లీమీటర్లు కాబట్టి మొదట 60, తర్వాత 50 మిల్లీమీటర్ల సందు పెట్టుకోండి. వరసగా ఇరవై వెళ్లేదాకా లేవకూడదన్నది నేను పెట్టుకున్న పద్ధతి. పద్దెనిమిదో పందొమ్మిదో బంతి దగ్గర చేతుల్లోకి వచ్చే బిగువు, మైదానంలో మూడడుగుల పట్ ముందు వచ్చే బిగువూ ఒకటేనని నా అనుభవం.

గ్రీన్ పక్కనుంచి బంతిని కొద్దిగా లేపి దొర్లించే చిప్ షాట్లకు గోనెసంచి చాలు. సంచిని నాలుగు మడతలు వేసి ఐదారు అడుగుల దూరంలో పరిచి, బంతి మొదట దానిమీద పడేలా కొట్టాలి. గుంత వైపు చూసి కొట్టేవారికీ, బంతి పడాల్సిన చోటు చూసి కొట్టేవారికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. దూరాన్ని అంచనా వేసే ఒడుపు రెండోవారికే అబ్బుతుంది. చదునైన గ్రీన్‌పై ముఖం బాగా వాలుగా ఉండే పిచింగ్ వెడ్జ్‌తో కొట్టిన చిప్ గాలిలో ఒక వంతు వెళితే నేలమీద సుమారు రెండు వంతులు దొర్లుతుంది, ఎనిమిదో నంబరు ఐరన్‌తో నాలుగు వంతుల దాకా దొర్లుతుంది. ఇవి స్థూలమైన లెక్కలే అయినా, ఒకే కదలికతో క్లబ్ మార్చి దూరం మార్చవచ్చన్న ధీమా ఇస్తాయి. మన నేల గట్టిది కాబట్టి బౌన్స్ (అడుగుభాగపు ఉబ్బు) ఎక్కువున్న శాండ్ వెడ్జ్‌తో ఇక్కడ చిప్ సాధన చేయకండి. ఆ క్లబ్ అడుగుభాగం ఇసుకలో దిగబడకుండా ఉండేలా ఉబ్బెత్తుగా చేసినది; గట్టి నేలను తాకగానే ఎగిరి, దాని అంచు బంతి నడుముకు తగులుతుంది. మీరు చెప్పిన, బంతి గ్రీన్ దాటి దూసుకుపోయే షాట్లకు ఇదే కారణమై ఉండవచ్చు.

ఆ శాండ్ వెడ్జ్‌ను సాధన చేయడానికి ఇల్లు కట్టుకుంటున్న తెలిసినవారిని అడిగి, జల్లెడ పట్టిన ఇసుక కుప్పను వాడుకోండి. ఇసుకలో వేలితో గీత గీసి, బంతి లేకుండా, ఆ గీత దగ్గర క్లబ్ దిగి ఇసుక ముందుకు చిమ్మేలా కొడుతూ ఉంటే చాలు. మైదానంలోని ఇసుక గొయ్యి, అంటే బంకర్‌లో బంతికి రెండు అంగుళాల వెనుక ఇసుకను తాకడమన్నది చేతికి అలవాటవుతుంది. పని అయ్యాక కుప్పను మళ్లీ ఎగదోసి రావడం మరవకండి.

ముప్పై నుంచి డెబ్బై గజాల మధ్య దూరాలకు నాసాలో పరిశోధకుడిగా పనిచేసి గోల్ఫ్ శిక్షకుడిగా మారిన అమెరికన్ డేవ్ పెల్జ్ ప్రచారంలోకి తెచ్చిన గడియారపు పద్ధతిని పాటించండి: ఎడమచేతిని గడియారం ముల్లుగా ఊహించుకుని, ఏడున్నర, తొమ్మిది, పదిన్నర స్థానాల దాకా మాత్రమే వెనక్కి తీసుకెళ్లి, ఒకే లయలో కొట్టడం. బెంగళూరు వెళ్లినప్పుడు ఒక్కో స్థానానికి బంతి ఎంత దూరం వెళుతోందో కొలిచి రాసుకుంటే, ఇంటిదగ్గర ఆ మూడు స్థానాలనూ అద్దం ముందు బంతి లేకుండా చేసినా పనికొస్తుంది.

సాధనలో చాలామంది చేసే పొరపాటు ఒకే షాట్‌ను యాభైసార్లు కొట్టడం. ఇరవయ్యో దెబ్బకు అంతా కుదిరినట్టే ఉంటుంది, కానీ మైదానంలో ఒకే షాట్ రెండోసారి కొట్టే అవకాశమే రాదు. ముగ్గుగీత సాధన తప్ప మిగతావన్నీ కలిపి చేయండి: ఒక చిప్, తర్వాత ఒక పట్, తర్వాత గడియారం తొమ్మిది దగ్గర ఒక వెడ్జ్, మళ్లీ వేరే దూరం నుంచి చిప్. మొదట్లో తప్పులు ఎక్కువై విసుగు వస్తుంది, అయినా మానకండి. ఎండాకాలంలో ఉదయం ఏడు లోపే ముగించాలి. వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు సరిపోతాయి.

బెంగళూరు చేరాక ఒక జాగ్రత్త తీసుకోండి. జంపఖానా మీద అలవాటైన వేగం గ్రీన్ మీద ఉండదు కాబట్టి, మొదటి పది నిమిషాలూ గుంత వైపు చూడకుండా గ్రీన్ అంచు దాకా బంతుల్ని దొర్లించి, అంచు దగ్గర ఆపడం మాత్రమే చేయండి. ఆ తర్వాత మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరకు వెళ్లేముందు, సాధనకు అనుమతించిన చోట వెడ్జ్‌తో ఐదారు స్వింగులు బంతి లేకుండా వేసి, ప్రతిసారీ గడ్డి ఎక్కడ చిరిగిందో వంగి చూసుకోండి. కుడికాలి వైపు చిరుగుతుంటే ఎడమకాలి మీద బరువు చాలడం లేదని అర్థం. ఆ రోజు మొదటి రెండు మూడు గుంతల దాకా పూర్తి స్వింగుకు పోకుండా ముప్పాతిక స్వింగుతోనే ఆడండి.