మెకానికల్ నుంచి డిజైన్‌కి రావాలంటే మళ్లీ చదవాలా?

మెకానికల్ ఇంజినీరింగ్‌లో కొన్నేళ్లు పనిచేశాక డిజైన్‌కి రావచ్చా, వస్తే ఉద్యోగం మానేసి లక్షలు పోసి కోర్సు చేయాలా అని అడిగారు. రావచ్చండి. కోర్సు మాత్రం ఇప్పుడే వద్దు.

నాదీ మెకానికలే. హైదరాబాద్‌లో షీట్ మెటల్ డ్రాయింగులు గీసేవాణ్ణి. ఇప్పుడు రావులపాలెంలో ఉండి స్వీట్ల పెట్టెలు, లేబుళ్లు డిజైన్ చేస్తున్నాను. (మా చుట్టాల్లో సగం మందికి నేను ఫ్లెక్సీల షాపు పెట్టానని నమ్మకం.)

మొదట్లో వచ్చిన పని ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. మూత మీద మంచి బొమ్మ వేసిమ్మన్నారు. అసలు ఇబ్బంది లోపల ఉంది: కొరియర్‌లో వెళ్లేసరికి రేకులు నలిగిపోతున్నాయి, నెయ్యి అట్టలోకి ఇంకి మరకలు పడుతున్నాయి. లోపల కదలకుండా అడ్డు మడతలు పెట్టి, నెయ్యి ఇంకని కాగితం వేయించాను. బొమ్మ ఆ తర్వాతే. అట్టపెట్టె అంటే మనం ఫస్టియర్‌లో గీసిన డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెసే (వస్తువు ఉపరితలాన్ని విప్పి చదునుగా గీయడం) కదా! ఎక్కడ కోయాలి, ఎక్కడ మడవాలి, మడత దగ్గర అట్ట మందానికి ఎంత వదలాలి అన్నది మీకు చేతిలో ఉన్న విద్య. బొమ్మలు బాగా వేసేవాళ్లు చాలామంది ఈ డై-లైన్ (కోత, మడత గీతల నమూనా) దగ్గరే ఆగిపోతారు. అందుకే యాప్ స్క్రీన్ల వైపు కాకుండా ప్యాకేజింగ్ వైపు నుంచి రమ్మంటాను.

మనకు రానివి రంగులు, అక్షరాలు. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ ప్రింటులో చప్పబడుతుంది. ఇంగ్లిష్‌కి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ప్రెస్‌కి ఫైలు పంపేముందు అక్షరాలను కర్వ్స్ (ఫాంట్‌తో పనిలేని గీతలు) చేయకపోతే అక్కడ ఆ ఫాంట్ లేక మాట మొత్తం చెదిరిపోతుంది. ఇవన్నీ నాకు రాజమండ్రిలో ఒక ప్రెస్‌లో కూర్చుంటేనే వచ్చాయి. నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు, శాకాహారం గుర్తు: వీటికి చోటు వదలమని షాపువాళ్లు చెప్పరు, మీరే వదలాలి.

డబ్బు సంగతి. సంక్రాంతికి, ఆషాఢం సారెలకు ఊపిరాడదు. మూఢం వస్తే ఫోన్ మోగదు. అందుకని జీతం వస్తుండగానే శని, ఆదివారాల్లో మొదలుపెట్టండి.

కొన్ని పనులు చేశాక కూడా చదవాలనిపిస్తే డిజైన్‌లో మాస్టర్స్ సీటు కోసం ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ (CEED) పరీక్ష రాయండి. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, వయసు పరిమితి లేదు. పార్ట్ ఏ కంప్యూటర్ మీద, పార్ట్ బీలో చేత్తో గీయాలి. చెయ్యి తిరగాలంటే రోజూ పెన్సిల్ పట్టాల్సిందే, ఆటోక్యాడ్ అలవాటు అక్కడ పనికిరాదు.

ఈలోగా మీకు తెలిసిన స్వీట్ షాపు ఒకటి చూసుకుని, తెల్ల అట్టతో డమ్మీ పెట్టె చేసి పట్టుకెళ్లండి. ఊరికే చేసిపెట్టకండి, కొంచెమైనా తీసుకోండి. డై (అట్టను కోసే అచ్చు) ఖర్చు వాళ్లదేనని మాత్రం ముందే చెప్పేయండి, గొడవలొచ్చేది అక్కడే.